హీరో నల్లజాతి అబ్బాయైతే కథ చదవలేమంటున్నారు, ఎందుకండీ?

పాలకొల్లు పాఠకురాలు

నమస్కారమండీ అందరికీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రాత్రి వంటిల్లు సర్దేశాక ఓ గంట ఫోన్లో సీరియల్స్ చదవడం నాకు అలవాటు. ఈ మధ్య ఒక కాలేజీ ప్రేమకథ పట్టుకున్నాను. కథ పేరు, రచయిత్రి పేరు ఇక్కడ రాయట్లేదు, ఏమనుకోకండి, ఇప్పటికే ఆవిడ కామెంట్లలో పడుతున్నవి చాలు, ఇక్కణ్ణుంచి ఇంకో గుంపు అక్కడికి వెళ్ళడం నాకిష్టం లేదు.

కథేంటంటే, రాజోలు వైపు అమ్మాయి కాకినాడలో బీటెక్ చేసి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తుంది. చిన్న యూనివర్సిటీ ఊరు. స్టాటిస్టిక్స్ ప్రాజెక్టులో పార్ట్‌నర్‌గా ఒక నల్లజాతి అబ్బాయి తగుల్తాడు, అతనిది అలబామా. ముందు స్నేహం, తర్వాత ప్రేమ, ఇదంతా మనకి తెలిసిన దారే గానీ రాసిన తీరు చాలా బావుంది. ఒక్క ఎపిసోడ్ చెప్తాను చూడండి. శనివారం పొద్దున్నే ఈ అబ్బాయి క్షవరానికని గంటసేపు కారేసుకుని వేరే ఊరు వెళ్తుంటాడు, క్యాంపస్ ఎదురుగానే సెలూన్ ఉంది కదా అని ఈ పిల్ల అడుగుతుంది, వాళ్ళకి నా జుట్టు కత్తిరించడం రాదు అంటాడు. అంతే, ఎక్కువ మాట్లాడడు. ఈ పిల్ల కూడా కారెక్కుతుంది. ఆ షాపులో పెద్దాయన మిషను పట్టుకుని నుదుటి మీద అంచు గీస్తూ, మధ్యమధ్యలో ఆపి తల అటూ ఇటూ తిప్పి చూస్తూ, మీ నాయనమ్మ మోకాలు ఎలా ఉందిరా అని అడుగుతుంటాడు, వెనక బెంచీ మీద ఉన్నవాళ్ళంతా ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకుంటుంటారు. ఆ పిల్ల మూల కుర్చీలో కూర్చుని, వచ్చినప్పట్నుంచీ ఈ అబ్బాయి ఇంత ధారాళంగా నవ్వడం ఇప్పుడే చూస్తున్నానే అనుకుంటుంది. నాకు అది చదివేక చాలాసేపు నిద్ర పట్టలేదండి.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఎపిసోడ్లలో హీరో రంగు రాయలేదు ఆవిడ, అప్పుడు కామెంట్ల నిండా హార్టులే. అబ్బాయి నల్లజాతి వాడని తెలిసిన రోజు నుంచీ మొదలైంది. "మేడమ్ హీరోని ఊహించుకోలేకపోతున్నాం, తెల్లబ్బాయిగా మార్చెయ్యండి", "ఇదంతా కల అని చూపించండి", "మా ఇంట్లో ఆడపిల్లలు చదువుతారండి". ఇంకా రాయలేని మాటలు కూడా ఉన్నాయి. ఇదే రచయిత్రి అంతకు ముందు రాసిన కథలో హీరో తెల్లవాడే, అప్పుడు ఒక్కరు కూడా ఆడపిల్లల సంగతి ఎత్తలేదు, సో క్యూట్ అన్నారు, పెళ్ళి ఎపిసోడ్ రెండు భాగాలుగా రాయమని బతిమాలేరు. మొన్న ఆవిడ ఎపిసోడ్ కింద, ఆపేద్దామనుకుంటున్నాను అని రాసింది. ఆవిడకి గట్టిగా ఒక మాట రాద్దామని ఉంది. మీరేమంటారు? నిజంగా కథలో లోపం ఉందా, మనలో ఉందా?

గౌతమి గట్టు

అమ్మా, మాది రాజమండ్రి. పత్రికల్లో సీరియల్ కోసం వారం వారం ఎదురుచూసిన తరం మాది, బుక్‌షాపు నుంచి అద్దెకి తెచ్చిన నవల తెల్లారేలోపు చదివేసి ఇచ్చెయ్యాలని ఇల్లంతా వంతులేసుకునేవాళ్ళం. పాఠకులు కథ మార్చమని అడగడం కొత్తేం కాదు, అప్పుడూ ఉత్తరాలు రాసేవారు, హీరోయిన్ని చంపొద్దని, ఫలానా వాడికిచ్చి పెళ్ళి చెయ్యమని. అది కథ మీద మమకారం. ఇక్కడ అడుగుతున్నది వేరు. కథలో ఏం జరగాలో కాదు, కథలో ఎవరు ఉండాలో చెప్తున్నారు.

ఊహించుకోలేకపోతున్నాం అన్నారు చూసేరా, అందులో కొంత నిజం ఉందమ్మా, వాళ్ళని ఊరికే తిట్టి లాభం లేదు. మేము చదివిన నవలల్లో హీరో అంటే ఆరడుగుల పొడుగు, పచ్చని ఛాయ, పెద్ద కారు, లంకంత ఇల్లు. మా అక్కయ్యలూ అదే చదివేరు, వాళ్ళ కూతుళ్ళూ అదే చదివేరు, సినిమా పోస్టర్లూ అదే చూపించేయి. అన్నేళ్ళు ఒకే ముఖాన్ని ప్రేమించడం నేర్పిస్తే ఇంకో ముఖం దగ్గర మనసు ఆగిపోతుంది. ఆగిపోవడం వరకు అర్థం చేసుకుంటాను. కానీ ఆగిపోయినవాడు పుస్తకం మూసేసి ఊరుకోవాలి గానీ రచయిత్రిని బెదిరించడమేమిటి?

తొలి తెలుగు నవల రాసేరని మనం చెప్పుకునే వీరేశలింగం పంతులుగారే ఈ ఊళ్ళో 1881 డిసెంబరులో వితంతు వివాహం చేయించేరు. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళని కూడా వెలేశారు. నవల రాసిన చేత్తోనే ఆ పెళ్ళి చేయించిన ఊరమ్మా ఇది, ఆ రచయిత్రిని ఆపొద్దని నా మాటగా చెప్పు.

భీమవరం తండ్రి

నేను వేరే మాట చెప్తాను, అందరూ కలిసి మీద పడకండి దయచేసి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉన్నాడు, అమ్మాయి వచ్చే ఏడు వెళ్తుంది. ఆ సీరియల్ మా ఆవిడ చదువుతుంది, నాకూ చదివి వినిపించింది. ఆ కామెంట్లలో బూతులు రాసినవాళ్ళని నేను సమర్థించను. కానీ నచ్చలేదన్న ప్రతివాడికీ రంగు పిచ్చి అంటగట్టడం న్యాయం కాదు.

మాకు భయం ఉంటుందండి. చెరువుల మీద అప్పు చేసి పంపిస్తాం, రొయ్యకి రేటు పడిపోయిన ఏడు కూడా ఫీజు ఆగకుండా కడతాం, పిల్ల ఫోన్ ఎత్తకపోతే తెల్లవార్లూ కూర్చుంటాం. అక్కడ తుపాకుల వార్తలు చూస్తుంటాం. రేపు మనవలు పుడితే వాళ్ళతో మా ఆవిడ ఏ భాషలో మాట్లాడాలి? హీరో తెల్లవాడైనా నాకు ఈ బాధే, నా మటుకు నాకు ఆ తేడా లేదు.

పైగా ఆ కథలో తండ్రిని చూడండి. రెండు సీన్లు ఇచ్చేరు, రెండిట్లోనూ అరుస్తాడు, ఒకసారి ఫోన్ నేలకేసి కొడతాడు. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా గోదారికి వరదొస్తే పడవ మాట్లాడి పరీక్షకి తీసుకెళ్ళాడని మొదటి ఎపిసోడ్లో రాసింది ఆవిడే. అంత ప్రేమ ఉన్నవాడు ఒక్కసారి కూడా ఆ అబ్బాయి ఏం చదువుతున్నాడని అడగడా? అడుగుతాడండి. తిట్టేక, పదిరోజులు మాట్లాడ్డం మానేసేక, అడుగుతాడు. ఆ ముక్క రాయకుండా మమ్మల్ని మూర్ఖుల కింద తేల్చేశారు.

తణుకు టు అట్లాంటా

బాబాయ్ గారూ, తండ్రి పాత్ర గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ కరెక్టు. భయం గురించి మాత్రం కొంచెం మాట్లాడాలి. నేను ఇక్కడ ఎమ్మెస్ చేసి ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాను, ఆ సీరియల్ మా ఫ్లాట్‌లో కూడా చదివేం.

నేను దిగిన మొదటి వారంలోనే మన సీనియర్స్ చెప్పింది ఏంటంటే ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలి, ఏ వీధిలో తీసుకోకూడదు, ఎవరు ఎదురొస్తే రోడ్డు దాటాలి. నల్లవాళ్ళ గురించి మనవాళ్ళు ఇక్కడ ఎలా మాట్లాడుకుంటారో ఈ కామెంట్లు రాసినవాళ్ళూ అలాగే రాసేరు. అంటే ఒక్క నల్లజాతి మనిషితో కూడా కాఫీ తాగకుండానే అభిప్రాయం రెడీగా ఉంటుంది. ఆ బార్బర్ షాపు ఎపిసోడ్ నిజం, మా ల్యాబ్‌లో ఒకతను అచ్చం అలాగే వెళ్ళేవాడు.

ఇంకోటి, మనం ఇక్కడికి రాగలిగింది ఎవరి పుణ్యమో చాలామందికి తెలీదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళ కింద లెక్కకి రారు కాబట్టి పౌరసత్వం ఇవ్వం అంది. కాలిఫోర్నియాలో అప్పటి పంజాబీ రైతులకి ఇండియా నుంచి భార్యని తెచ్చుకునే దారి లేదు, తెల్లమ్మాయిని చేసుకోవడానికి రాష్ట్ర చట్టం అడ్డం, అందుకే చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళాడారు. తర్వాత నల్లజాతివాళ్ళు రోడ్లెక్కి దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు, ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారింది, మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఎక్కువగా రావడం అప్పట్నుంచే.

పెళ్ళి సంగతికొస్తే, వర్జీనియాలో రిచర్డ్ లవింగ్ అనే తెల్లాయన, మిల్‌డ్రెడ్ అనే నల్లావిడ 1958లో వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని ఇంటికొస్తే పోలీసులు అర్ధరాత్రి పడగ్గదిలోకొచ్చి పట్టుకెళ్ళారు. ఏడాది జైలు, 25 ఏళ్ళు కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే జైలు మాఫీ. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఇలా వేరే జాతివాళ్ళని పెళ్ళాడకూడదన్న చట్టాలు కొట్టేసింది, అప్పటికి ఇంకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. హీరోది అలబామా కదా, ఆ రాష్ట్ర రాజ్యాంగంలో తెల్లా నల్లా పెళ్ళి కుదరదన్న వాక్యాన్ని 2000లో ఓటింగ్ పెట్టి తీసేశారు, అప్పుడు కూడా 40 శాతం మంది తియ్యొద్దనే ఓటేశారు. హీరో ఇంచుమించు ఆ ఏడే పుట్టి ఉంటాడు. 1958లో గాలప్ వాళ్ళ సర్వేలో ఇలాంటి పెళ్ళిళ్ళు ఒప్పుకుంటాం అన్నది 4 శాతం, 2021కి 94 శాతం. ఒక దేశం మనసు మారడానికి అరవై ఏళ్ళ పైన పట్టింది, మన కామెంట్లు 1958లోనే ఉన్నాయనిపిస్తుంది నాకు.

పుస్తకాల లోకంలో ఇక్కడ కూడా అంత తేలిగ్గా ఏం అవ్వలేదు లెండి. రొమాన్స్ నవలలకి ఇక్కడి రచయితల సంఘం ఏళ్ళ తరబడి ఇచ్చిన రీటా అవార్డు నల్లజాతి రచయిత్రికి మొదటిసారి వచ్చింది 2019లో. బాగా రాసేవాళ్ళు అంతకుముందు లేకా?

కానీ కథలో నాకు నచ్చనిది ఒకటుంది. హీరోకి ఒక్క లోపం కూడా లేదు. కోపం రాదు, అప్పు చెయ్యడు, క్లాసు ఎగ్గొట్టడు, రూమ్మేట్లు జుట్టు ముట్టుకుంటే కూడా నవ్వి ఊరుకుంటాడు. ఇలా రాస్తే అతను మనిషి అవ్వడు, మనకి పాఠం చెప్పడానికి పెట్టిన బొమ్మ అవుతాడు. అతని వాళ్ళ అమ్మ ఈ అమ్మాయిని వెంటనే ఒప్పేసుకుంటుంది, అదెలా? ఆవిడకి భయం ఉండదా, ఈ ఇండియన్ పిల్ల నా కొడుకుని రెండేళ్ళు తిప్పుకుని చివరికి వాళ్ళ నాన్న మాట విని వెళ్ళిపోతుందేమో అని? ఇక్కడ అలా జరిగినవి మన స్టూడెంట్లకి తెలుసు. భయపడే హక్కు మన తల్లిదండ్రులకే ఉందా బాబాయ్ గారూ?

కోనసీమ కొబ్బరాకు

నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నానండి, ఇలాంటి చోట్ల ఎప్పుడూ రాయలేదు. ఆ సీరియల్ మా క్లాసులో అయిదారుగురం చదువుతున్నాం.

నేను బాగా నలుపు. చిన్నప్పట్నుంచీ శనగపిండి, పసుపు, పెరుగు మీగడ, ఆ క్రీములూ ఈ క్రీములూ, ఎండలోకి వెళ్ళకు, ఆ రంగు చుడిదార్ వద్దు, ఇదే గోల. పెళ్ళికి వెళ్తే ఫొటోగ్రాఫర్ లైటు నా వైపు తిప్పమంటాడు అందరి ముందూ. ఆ కథలో లైబ్రరీలో రాత్రి ఇద్దరూ ఒకే ల్యాప్‌టాప్ మీద పని చేసుకుంటుంటే ఆ పిల్ల అతని చెయ్యి చూస్తుంది, స్క్రీన్ వెలుగులో ఆ నలుపు మీద నీలంగా మెరుపు పడుతుంటే చూస్తూ లెక్క తప్పు కొట్టేస్తుంది. అంతే ఉంది అక్కడ, గుణం మంచిదని గానీ మనసు తెలుపని గానీ ఏమీ కలపలేదు. నేను ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. తెలుగులో నా రంగుని ఎవరో అలా ఆగి చూడ్డం నేను మొదటిసారి చదివేను. దాని కింద "యాక్" అని ఒకరు కామెంట్ పెట్టారు. అది ఆ హీరోకి కాదు, నాకు పెట్టినట్టే ఉంది.

భీమవరం బాబాయ్ గారు భాష రాదనీ, దూరమనీ అంటున్నారు. మా పెద్దమ్మ కూతురు పెళ్ళి చేసుకున్న బావది మా మండలమే. ఒకే భాష, ఒకే రంగు, ఇద్దరూ ఒకే కాలేజీ. మధ్యలో ఉన్నది ఒక కాలవా, కులమూ. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్ళికి పెట్టుకుంటే నెల రోజుల నోటీసు ఉంటుంది కదా, ఆ నెలంతా మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు, అక్కని గదిలో పెట్టారు. ఇప్పుడు దానికి బాబు పుట్టాడు. మా పెద్దమ్మ చూడ్డానికి వెళ్ళలేదు, వంతెన దాటితే అయిదు నిమిషాలు. అందుకే నాకు ఇది అమెరికా కథలా అనిపించట్లేదు.

యానాం నుంచి

రెండు ముక్కలు. మాది 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు. ఫ్రాన్స్‌లో స్థిరపడిన మా వీధి వాళ్ళబ్బాయి తెల్లమ్మాయిని చేసుకుని సంక్రాంతికి తీసుకొస్తే వీధి వీధంతా ఫొటోలు దిగింది, ముగ్గు వేయించేరు, చీర కట్టించేరు. ఆవిడకీ తెలుగు రాదు, మనవడికీ రాదు, మామ్మ గారు సైగలతోనే వాడికి సున్నుండలు తినిపించేరు. భాష అడ్డం అనేది నిజమే గానీ మనం కావాలనుకుంటే దాటేస్తాం.

తణుకు తమ్ముడు లవింగ్ వాళ్ళు పెళ్ళికి సరిహద్దు దాటారని రాస్తే మా ఊరి పాత సంగతి గుర్తొచ్చింది. బ్రిటిష్ వాళ్ళు 1929లో బాల్య వివాహాలు చెయ్యకూడదని శారదా చట్టం తెచ్చాక చుట్టుపక్కల నుంచి పసిపిల్లల్ని ఎత్తుకుని మా యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసేసేవారు, ఆ చట్టం ఇక్కడ చెల్లదు కాబట్టి. కల్యాణపురం అని పేరు కూడా వచ్చింది. అక్కడ ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళు దాటేరు, ఇక్కడ ఇష్టమంటే ఏంటో తెలీని పిల్లల్ని పెద్దవాళ్ళు దాటించేరు. సంప్రదాయం అని కామెంట్లు రాసేవాళ్ళు ఇది కూడా చదువుకుంటే బావుంటుంది.

భీమవరం తండ్రి

అమలాపురం పాపా, నీ మాట చదివి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ కామెంట్ పెట్టినవాళ్ళకి బుద్ధి లేదమ్మా. మీ పెద్దమ్మ వెళ్ళాలి, ఏదో ఒక రోజు వెళ్తుంది.

తణుకు బాబూ, ఆ అబ్బాయి తల్లి సంగతి నేను ఆలోచించలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. నా భయం పోయిందని చెప్పను, ఉంది, ఉంటుంది. కానీ ఆ సీరియల్ ఆపెయ్యమని నేననను. తండ్రికి ఇంకో సీను రాయమనండి, చదువుతాను.

పాలకొల్లు పాఠకురాలు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదండి. ఇవాళ ఎపిసోడ్ కింద నేను పెట్టిన కామెంట్ ఇదీ:

"మేడమ్, దయచేసి ఆపకండి. హీరో రంగు మార్చకండి, కల అని చెప్పకండి. లైబ్రరీ సీను ఒక అమ్మాయికి ఎంత అవసరమైందో మీకు తెలీదు. మీ కథలో లోపాలు ఉన్నాయి, అవి వేరు. హీరోయిన్ నాన్నగారు మొదటి ఎపిసోడ్లో మనిషి, తర్వాత కాదు, ఆయన్ని మళ్ళీ మనిషిని చెయ్యండి. హీరోకి కోపం రానివ్వండి, ఒకసారి తప్పు చెయ్యనివ్వండి. అతని అమ్మగారికి కూడా ఈ పిల్ల మీద అనుమానం ఉంటుంది కదా, అది రాయండి. కింద పిచ్చి రాతలు రాసేవాళ్ళ కోసం కాకుండా, రాత్రిళ్ళు కూర్చుని చదివే మా కోసం రాయండి."

ఆవిడ గంటలో జవాబిచ్చింది. పదిహేను రోజులు టైమ్ ఇవ్వండి, తండ్రి ఎపిసోడ్ మళ్ళీ రాస్తాను అంది. కామెంట్లు మాత్రం కొన్నాళ్ళు మూసేస్తుందట, అది మంచి పనే. తణుకు తమ్ముడూ, హీరో అమ్మగారింటికి ఈ పిల్ల మొదటిసారి ఆదివారం వెళ్ళే సీను రాద్దామనుకుంటోందట, అక్కడ చర్చికి ఎలా వెళ్తారో ఏం కట్టుకుంటారో తెలీదంటోంది. నీకు తెలిస్తే నాలుగు ముక్కలు చెప్తావా, పంపిస్తాను.

తణుకు టు అట్లాంటా

తప్పకుండా అక్కా. నేను ఒక ఫ్రెండ్‌తో వెళ్ళాను ఒకసారి. పెద్దావిడలు మంచి టోపీలు పెట్టుకుంటారు, చీర కట్టుకుని వెళ్తే ఎవరూ ఏమీ అనుకోరు, ఇంకా మెచ్చుకుంటారు. పాటలకి లేచి నిలబడతారు, పాస్టర్ మాట్లాడుతుంటే మధ్యలో జనం గట్టిగా బదులిస్తుంటారు. ప్రార్థన పొద్దున్న మొదలైతే మధ్యాహ్నం దాటిపోతుంది, కాబట్టి ఆ పిల్లని ఏమైనా తిని వెళ్ళమనండి. అయ్యాక వాళ్ళింట్లో భోజనం ఉంటుంది, అమ్మగారు ఈ అమ్మాయిని పక్కకి పిలిచి అడగాల్సింది అక్కడ అడిగితే బావుంటుంది, గిన్నెలు కడిగే దగ్గర. హీరో అక్కడ ఉండకూడదు.